చోక్ తాడు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? (ఇంజిన్ పని అయ్యాక ఐడిల్ దిగని బండి వెనక ఉన్న చరిత్ర)

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. డ్యూటీ దిగి, తిన్నాక తీరిగ్గా చదవండి.

మనందరికీ తెలిసిన బాధే ఇది. ఇంజిన్ దించి, బోర్ చేయించి, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు కొత్తవి వేసి ఎక్కిస్తాం. సెల్ఫ్ కొడితే బండి వెంటనే అందుకుంటుంది. కానీ రేస్ 1700, 1800 దగ్గర నిలబడిపోతుంది, ఎంతసేపు వేడెక్కినా దిగదు. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే రెండు మూడు సెన్సర్ల పేర్లు వస్తాయి. అక్కడి నుంచి సెన్సర్లు మార్చడం మొదలు. డబ్బు ఎవరిదన్నది తర్వాత తేలుతుంది, చాలాసార్లు అది మనదే అవుతుంది. అసలు ఈ సెన్సర్లు బండిలోకి ఎందుకు వచ్చాయో తెలిసినోడికి, ఏది ముందు చూడాలో కూడా తెలుస్తుంది. అందుకే పాత కథ చెబుతున్నా.

1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్ పెట్రోలును సన్నటి నాజిల్‌లోంచి చిమ్మే కార్బొరేటర్ తయారుచేశాడు. ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లు లోకంలో ఎక్కువ కార్లు ఆ పద్ధతి మీదే నడిచాయి. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, గోడలకు అంటుకుంటుంది. అందుకే చోక్ పెట్టారు. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది, థ్రాటిల్ కూడా కొంచెం తెరుచుకుని రేస్ పెరుగుతుంది. బండి వేడెక్కిందని డ్రైవరుకు అనిపించినప్పుడు చోక్ లోపలికి నెట్టేవాడు. అంబాసిడర్, పద్మిని మీద చెయ్యి తిరిగిన పెద్దోళ్లను అడగండి, చెవితో విని ఐడిల్ స్క్రూ తిప్పేవాళ్లు. రేస్ ఎక్కువ ఉంటే చూడాల్సినవి చోక్, స్క్రూ, యాక్సిలరేటర్ కేబుల్, గాలి లీకు. అంతే.

దీన్ని మార్చింది అమెరికాలో లాస్ ఏంజిలెస్ మీద కమ్మిన పొగ. 1940ల నుంచి ఆ ఊళ్లో కళ్లు మండేవి, రబ్బరు వస్తువులు తొందరగా పగిలేవి. ఏరీ హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త అప్పుడు అక్కడి కాల్‌టెక్‌లో అనాసపండు వాసన మీద పరిశోధన చేస్తున్నాడు. ఆయన ఆ పని పక్కన పెట్టి ఆ గాలిని పరీక్షించాడు. కార్ల నుంచి, రిఫైనరీల నుంచి వచ్చే ఆవిర్లు ఎండలో కలిసి ఓజోన్ తయారవుతోందని, రబ్బరును పగలగొడుతున్నది అదేనని 1950ల మొదట్లో తేల్చాడు. కార్ల కంపెనీలు ముందు ఒప్పుకోలేదు. కానీ 1961 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో అమ్మే కొత్త కార్లకు క్రాంక్‌కేస్ ఆవిరిని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ వచ్చింది. ఇవాళ మనం ఇంజిన్ ఎక్కించాక తగిలించడం మరిచిపోయే ఆ చిన్న గొట్టం పుట్టుక అక్కడే. 1967లో కాలిఫోర్నియాలో గాలి కాలుష్యం చూసే బోర్డు ఏర్పడింది. 1970లో అమెరికా అంతటికీ గట్టి చట్టం వచ్చింది.

చెవితో స్క్రూ తిప్పి ఆ చట్టాన్ని అందుకోలేరు. అదే 1967లో జర్మనీ కంపెనీ బాష్ డి-జెట్రానిక్ తెచ్చింది. అమెరికాకు పంపే ఫోక్స్‌వ్యాగన్ 1600 కారుకు దాన్ని పెట్టారు. జర్మన్‌లో డ్రక్ అంటే ఒత్తిడి, డి అక్షరం దాని గుర్తు. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచి, ఎంత పెట్రోలు చిమ్మాలో కంట్రోల్ డబ్బా లెక్కకట్టేది. 1970ల్లో ఎల్-జెట్రానిక్ వచ్చింది. లుఫ్ట్ అంటే గాలి. ఇది ఒత్తిడిని వదిలేసి, లోపలికి పోయే గాలినే ఒక రెక్కతో కొలిచేది. తర్వాత ఆ రెక్క పోయి వేడి తీగ వచ్చింది. ఇప్పుడు మనం ఎయిర్ ఫ్లో సెన్సర్ అంటున్నది దాని వారసుడే. టయోటా పాత మాన్యువళ్లలో డి-టైప్, ఎల్-టైప్ అని రాసి ఉండేది కూడా ఈ తేడానే.

ఈ రెండు వంశాల తేడా మన చేతిపనికి నేరుగా పనికొస్తుంది. మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గరో, బ్రేక్ బూస్టర్ గొట్టం దగ్గరో గాలి లీక్ అయిందనుకోండి. ఒత్తిడి కొలిచే బండిలో ఆ దొంగగాలి కూడా లెక్కలోకి వస్తుంది. ఈసీయూ దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది, రేస్ పెరిగిపోతుంది. గాలిని కొలిచే బండిలో సెన్సర్ దాటాక దూరిన గాలి లెక్కలోకి రాదు. పెట్రోలు పాలు తగ్గుతుంది, బండి ఊగుతుంది, పి0171 అనే లీన్ కోడ్ వస్తుంది. కొన్నిసార్లు ఈసీయూ సర్దుకుని పెట్రోలు పెంచాక రేస్ కూడా ఎక్కుతుంది. లీకు అదే, రోగం చూపించే తీరు వేరు. కాబట్టి బండి ఏ వంశమో తెలుసుకోవడం మొదటి పని.

మరి చోక్ ఏమైంది? ఎక్కడికీ పోలేదు, చేతులు మారింది. మొదట్లో ఇంజెక్షన్ బండ్లకు వేడికి మూసుకునే అదనపు గాలి వాల్వ్ ఉండేది. కొన్ని జపాన్ బండ్లలో మైనం నింపిన వాల్వ్ పెట్టారు, కూలెంట్ వేడి తగిలితే అది మూసుకుంటుంది. తర్వాత ఆ పని మోటారు వాల్వుకు, ఆ తర్వాత ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌కు పోయింది. ఆ మోటార్లకు ఎప్పుడు తెరవాలో చెప్పేది ఈసీయూ. ఈసీయూకు చెప్పేది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. అంటే ఇవాళ చోక్ తాడు ఆ రెండు వైర్ల సెన్సర్ చేతిలో ఉంది. అది ‘ఇంజిన్ చల్లగా ఉంది’ అంటే, బయట ఎండ 45 డిగ్రీలు ఉన్నా ఈసీయూ చోక్ లాగుతుంది.

1976లో స్వీడన్ కంపెనీ వోల్వో ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్ పెట్టింది, అది కూడా బాష్ చేసిందే. దానితో ఈసీయూ తను పోసిన పెట్రోలు సరిపోయిందో లేదో చూసుకుని సరిదిద్దుకోవడం మొదలుపెట్టింది. 1988 మోడళ్ల నుంచి కాలిఫోర్నియాలో, బండి తన తప్పు తనే కనిపెట్టి లైటు వెలిగించాలన్న నియమం వచ్చింది. 1996 నుంచి అమెరికా కార్లన్నిటికీ ఒకే సాకెట్, ఒకే తరహా కోడ్లతో ఓబీడీ-2 తప్పనిసరి అయింది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ లైటు పెట్టింది పొగ పెరిగితే పట్టుకోవడానికి. ఫలానా పార్టు మార్చు అని అది ఎన్నడూ చెప్పదు. ఫలానా వైరు మీద వచ్చే లెక్క నాకు కుదరట్లేదు అని మాత్రమే చెబుతుంది.

మన దేశంలో 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ బండ్లకు యూరో ప్రమాణాలు పెట్టమన్న తర్వాతే ఇంజెక్షన్ కార్లు జోరందుకున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లోనో, కరీంనగర్ షెడ్డులోనో కార్బొరేటర్ మీద పని నేర్చి గల్ఫుకు వచ్చిన పెద్దోళ్లకు ఇక్కడ ఒకేసారి సెన్సర్ల బండ్లు ఎదురయ్యాయి. నేర్పినోళ్లు లేరు, మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది. అయినా చూసి చూసి నేర్చుకున్నారు. వాళ్లకు చేతకాక కాదు, మధ్యలో ఉన్న కథ ఎవరూ చెప్పలేదు.

మా సనయ్యలో జరిగింది చెబుతా. ఒక పికప్‌కు ఇంజిన్ పని అయ్యాక రేస్ దిగలేదు. స్కానర్ పి0505, అంటే ఐడిల్ కంట్రోల్ తప్పు అంది. షెడ్డు వాళ్లు ఐడిల్ వాల్వ్ కొన్నారు. తగ్గలేదు. థ్రాటిల్ సెన్సర్ కొన్నారు. తగ్గలేదు. అప్పుడు మనోడొకడు స్కానర్‌లో కోడ్లు వదిలేసి లైవ్ డేటా తెరిచాడు. డ్యాష్‌బోర్డు ముల్లు సగంలో ఉంది, ఇంజిన్ వేడిగా ఉంది. ఈసీయూకు మాత్రం 30 డిగ్రీలు కనిపిస్తోంది. థ్రాటిల్ మూసి ఉన్నా తెరిచినట్టు చూపిస్తోంది. రెండు సెన్సర్లు ఒకేసారి ఒకే వైపు తప్పు చెబుతుంటే ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని చూడాలి. మానిఫోల్డ్ మీద ఎర్త్ వైరు బోల్టు సీలెంట్ మీద కూర్చుని ఉంది. గీకి బిగిస్తే రేస్ 750కి దిగింది. ఎలక్ట్రికల్ పార్టులు దుకాణం వాపసు తీసుకోదు. ఆ రెండింటి డబ్బు ఇంజిన్ ఎక్కించిన తమ్ముడి జీతంలో కోశారు. అతను ఆ నెల ఇంటికి పంపింది సగమే.

అందుకే, ఇంజిన్ పని తర్వాత ఈ వరుసలో చూడండి. ముందు కేబుల్ మరీ బిగుతుగా ఉందేమో, థ్రాటిల్ పూర్తిగా మూసుకుంటోందా. తర్వాత గొట్టాలన్నీ, పీసీవీతో సహా. ఎండకు ఎండిన పాత రబ్బరు, విప్పి పెట్టేటప్పుడే పగులుతుంది. తర్వాత ఎర్త్ వైర్లు. తర్వాత కూలెంట్: లోపల గాలి బుడగ ఉంటే సెన్సర్ నీళ్లలో మునగదు, మైనం వాల్వ్ వేడెక్కదు. కాబట్టి గాలి పూర్తిగా తీయండి. ఇక్కడ ఎండ ఎక్కువని కొందరు థర్మోస్టాట్ తీసేస్తారు. అలా తీస్తే చలికాలం పొద్దున ఇంజిన్ సరిగ్గా వేడెక్కక, ఈసీయూ చోక్ వదలక, పి0128 వచ్చే అవకాశం ఉంది.

ముల్లుకు వెళ్లే సెన్సర్ వేరు, ఈసీయూకు వెళ్లే సెన్సర్ వేరు ఉన్న బండ్లు చాలా ఉన్నాయి. ముల్లు బాగుందని నమ్మకండి. ఈసీయూ సెన్సర్‌ను మీటర్‌తో కొలవండి. చాలా టయోటాల్లో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 200 నుంచి 400 ఓమ్‌లు రావాలి. పి0118 వస్తే ముందు ప్లగ్ ఊడిందేమో చూడండి, వైరు తెగితే ఈసీయూకు అది మైనస్ 40 డిగ్రీల చలి లాగే కనిపిస్తుంది. పి0016 వస్తే సెన్సర్ కొనకముందు టైమింగ్ పళ్లు సరిచూడండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బండికి బ్యాటరీ తీసి పెట్టాక ఐడిల్ మళ్లీ నేర్పాల్సి రావచ్చు, అది రోగం కాదు.

చివరిగా ఒక మాట. ఏ పార్టూ కొనకముందే లైవ్ డేటా స్క్రీనును, మీటర్ రీడింగును ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. కొనమన్నది ఎవరో, కొనే ముందు రీడింగ్ ఎంత ఉందో తేదీతో సహా మీ దగ్గర ఉంటే, జీతం రోజున మాట్లాడటానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు ఇది చదివి వినిపించండి.