దొడ్డపేట, అవెన్యూ రోడ్డు

అత్తిబెలెలో తెలుగు, కన్నడ, తమిళం మూడూ వినిపిస్తాయి. అక్కడి నుండి హోసూరు రోడ్డు మీదుగా బెంగళూరు పాత పేటకు వెళ్ళినప్పుడల్లా మేము మొదట గమనించేది వీధుల పేర్లనే. కెంపెగౌడ 1537లో నెలకొల్పాడని చెప్పే ఆ పేటలో అక్కిపేట బియ్యానిది, బళెపేట గాజులది, అరళెపేట పత్తిది. గాణిగరపేట ఎవరిదో గానుగ తెలిసిన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. వీటి నడుమ నిలువు వీధి దొడ్డపేట. ఇంగ్లీషువారి కాలం నుండి అది అవెన్యూ రోడ్డు. అవెన్యూ అంటే చెట్ల బాట. చెట్లను మాత్రం వెతుక్కోవాలి.

2010 ప్రాంతంలో దీనిని వెడల్పు చేస్తామన్నారు. అంటే దుకాణాల ముందు భాగాలు కొట్టివేయడమే. వర్తకులు ఎదిరించారు, వారి వాదమే సబబని మా అభిప్రాయం. ఇరుకు దుకాణానికి ముందు భాగం పోతే మిగిలేది వెనక గోడ. 2018లో తిరిగి తెరిచిన చర్చ్ స్ట్రీట్‌లో వీధిని పెంచకుండానే రాళ్ళు పరిచి, కాలిబాటలు విశాలం చేశారు. అయితే అది కాఫీకీ పుస్తకాలకూ వచ్చేవారి వీధి. పేటలో మూటలు దిగాలి, తోపుడుబండి తిరగాలి. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి కరగ ఈ పేట వీధులగుండానే కాటన్‌పేట దర్గాకు వెళ్తుంది. కాటన్‌పేట అంటే మన అరళెపేటే.