తొట్టెలో సముద్రం: గాయపడిన చేపలు, పిలవని అతిథులు

ప్రవేశిక

2009లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరాన, న్యూక్వే పట్టణంలోని బ్లూ రీఫ్ అక్వేరియంలో సిబ్బందికి ఒక చిక్కు వచ్చిపడింది. ఒక ప్రదర్శన తొట్టెలో పగడాలు తెగి కనిపిస్తున్నాయి. చేపలకు గాయాలవుతున్నాయి. పగలు ఎంత కాపు కాసినా దోషి దొరకలేదు. రాత్రి ఎరపెట్టిన బోనులు తెల్లారేసరికి చిరిగిపోయి ఉండేవి. చివరికి తొట్టెలోని రాళ్లను ఒక్కొక్కటిగా బయటికి తీస్తే, సుమారు నాలుగు అడుగుల పొడవున్న ఒక సముద్రపు పురుగు బయటపడింది. వానపాముకు దూరపు బంధువు, కాని దవడలున్న వేటగాడు. చిన్న పిల్లగా ఉన్నప్పుడు ఏ రాతి సందులోనో దాగి తొట్టెలోకి వచ్చి, అక్కడే పెరిగి పెద్దదయి ఉంటుందని సిబ్బంది భావించారు. దాన్ని చంపకుండా వేరే తొట్టెలో పెట్టారు.

ఈ సంఘటనలో రెండు ప్రశ్నలున్నాయి. గాయపడిన చేపను ఏం చేయాలి? పిలవని పేరంటానికి వచ్చిన జీవిని ఏం చేయాలి? ఉప్పునీటి అక్వేరియం చరిత్ర దాదాపు అంతా ఈ రెండింటి మధ్యే నడిచింది. ఒకదానికి మందు వేస్తే రెండోది చెడుతుంది. ఎందుకో చూద్దాం.

గాజు, మొక్క, నత్త

1845లో బ్రిటన్‌లో గాజుపై పన్ను రద్దయింది. గాజు చవకయ్యాక తొట్టెలు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి. అంతకుముందే, 1830లలో, సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో జాన్ విల్‌ప్రూ-పవర్ అనే ఫ్రెంచి మహిళ గాజు తొట్టెల్లో ఆర్గోనాట్ అనే సముద్రజీవిని పెంచి పరిశీలించారు. 1846లో అన్నా థిన్ టార్కీ తీరం నుంచి రాతి పగడాలను లండన్‌కు తెచ్చారు. దారిలో దొర్లి దెబ్బతినకుండా పగడాన్ని సూదీదారంతో ఒక స్పంజికకు కుట్టారు. నీటిలో ప్రాణవాయువు తగ్గకుండా ఇంటి పనిమనిషి కిటికీ దగ్గర నిలబడి ఆ నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ముప్పావు గంటదాకా పోస్తుండేది. అక్వేరియం చరిత్రలో థిన్ పేరు చెబుతారు, చేతులు నొప్పిపుట్టేలా నీళ్లు పోసినది ఆ పనిమనిషి. సామాజిక చరిత్ర చదివే మీరు ఈ సంగతిని పక్కకు నెట్టవద్దు.

రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ 1850లో ప్రకటించిన ప్రయోగం మరింత ముఖ్యమైనది. బంగారు చేపలు, నీటి మొక్కలు ఉన్న మంచినీటి తొట్టెలో కుళ్లిన ఆకులు నీటిని పాడుచేస్తుంటే, ఆయన నత్తలను వదిలాడు. అవి కుళ్లును తినేశాయి, నీరు తేటపడింది. చేప వదిలిన వాయువు మొక్కకు, మొక్క వదిలినది చేపకు, మిగిలిన చెత్త నత్తకు. ఈ ‘సమతుల్యత’ భావాన్ని తర్వాత ఆయనా, ఫిలిప్ హెన్రీ గాస్ కూడా సముద్రజలానికి వర్తింపజేశారు. 1853లో లండన్ జూలో ప్రజల కోసం ‘ఫిష్ హౌస్’ తెరిచారు. 1854లో గాస్ రాసిన అక్వేరియం పుస్తకం జనాన్ని తీరాలకు పరుగెత్తించింది. ఆ వ్యామోహం రాతి గుంటల్లోని జీవాలను ఎలా ఊడ్చేసిందో ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో వెలువడిన తన ఆత్మకథాత్మక గ్రంథంలో బాధతో రాశాడు. తండ్రి చేతి పనికి కొడుకు ఇచ్చిన సాక్ష్యం కాబట్టి దానికి ప్రత్యేకమైన విలువ ఉందని నా అభిప్రాయం.

మందు దొరికింది, చిక్కూ వచ్చింది

గాస్ తరం చేతిలో చేపల రోగాలకు నమ్మదగిన మందు లేదు. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ 1871లో క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియానికి చీకటిలో ఉండే పెద్ద జలాశయాన్ని అమర్చి, నీటిని నిరంతరం తిప్పే ఏర్పాటు చేశాడు. రోగానికి మందు కాకపోయినా, నీటిని శుభ్రంగా ఉంచడమే సగం వైద్యమని ఆయన గ్రహించాడు.

అసలు శత్రువులు సూక్ష్మదర్శినిలోనే కనిపించాయి. 1931లో ఇ. ఎం. బ్రౌన్ సముద్ర చేపల మొప్పలపై, చర్మంపై బతికే ఒక పరాన్నజీవిని వర్ణించారు. దాన్ని ఇప్పుడు అమిలూడినియం అంటున్నారు. చేప ఒంటిపై తెల్లని చుక్కలు తెచ్చే మరో జీవికి 1951లో క్రిప్టోకారియన్ అని పేరు పెట్టిందీ బ్రౌన్‌గారే. ఈ రెండో జీవి జీవితచక్రాన్ని గుర్తుంచుకోండి. కొన్నాళ్లు చేప చర్మంలో దాగి పెరుగుతుంది, రాలి అడుగున గట్టి గూడు కట్టుకుంటుంది, లోపల అనేక పిల్లలుగా విడిపోతుంది, అవి ఈదుతూ మళ్లీ చేపను వెతుక్కుంటాయి. మందు పనిచేసేది ప్రధానంగా ఆ ఈదే దశలోనే. చుక్కలు మాయమయ్యాయని మందు ఆపేస్తే, రోగం మళ్లీ వస్తుంది.

మందు ఏమిటి? మన రైతులకు బాగా తెలిసిన మైలుతుత్తమే, అంటే కాపర్ సల్ఫేట్. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియంకు చెందిన రాబర్ట్ డెంప్‌స్టర్ 1955లో దీని వాడకంపై వ్యాసం ప్రకటించారు. లీటరు నీటిలో రాగి 0.15 నుంచి 0.2 మిల్లీగ్రాములు ఉంటే చాలు. తగ్గితే పరాన్నజీవి చావదు, పెరిగితే చేపే చస్తుంది. ఇక రొయ్యలకు, నత్తలకు, పగడాలకు ఆ కొద్దిపాటి రాగే విషం. పైగా తొట్టెలోని సున్నపు రాళ్లు రాగిని పీల్చేసుకుంటాయి. కాబట్టి చేపలు మాత్రమే ఉన్న తొట్టెలో మందు వేయవచ్చుగాని, వారింగ్టన్ కలగన్న సమతుల్య తొట్టెలో వేయడానికి వీల్లేదు.

సరిగ్గా అదే కాలంలో ఆ కల మళ్లీ బలపడింది. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో ఒక అమెరికన్ పత్రికలో తన పద్ధతిని వివరించారు: సముద్రంలోంచి జీవాలతో సహా తెచ్చిన రాళ్లు, సముద్రపు నీరు, కొద్దిగా గాలి బుడగలు. ఇదే తర్వాత ‘లైవ్ రాక్’గా ప్రపంచమంతా పాకింది. రాతిలోని సూక్ష్మజీవులు నీటిని శుభ్రం చేస్తాయి. రాతితో పాటు దాని రంధ్రాల్లో కాపురమున్నవాళ్లందరూ వస్తారు. న్యూక్వే పురుగు పుట్టింటి దారి ఇలాంటిదే.

ఆ వచ్చినవాటిలో దోషులెవరో తేల్చడం అంత తేలిక కాదు. చచ్చిన చేప చుట్టూ ముళ్ల పురుగులు మూగి కనిపిస్తే, అవే చంపాయని యజమాని తీర్పు చెప్పేస్తాడు. చాలా సందర్భాల్లో అవి చచ్చినదాన్ని తినడానికి వచ్చినవే. వారింగ్టన్ నత్త చేసిన పనే చేస్తున్నాయి. శవం దగ్గర కనబడినవాడల్లా హంతకుడు కాడన్న సాక్ష్య సూత్రాన్ని చరిత్ర విద్యార్థులకు నేను వేరే చెప్పనక్కర్లేదు. మాంటిస్ రొయ్య సంగతి వేరు. రాత్రివేళ తొట్టెలోంచి టక్ టక్ మని చప్పుడు వస్తూ, పీతలూ చేపలూ దెబ్బతింటుంటే దాన్ని అనుమానించాలి. అది దాగిన రాతిని గుర్తించి బయటికి తీసి, కొద్దిసేపు మంచినీటిలో ముంచితే బయటికి వస్తుంది. ఐప్టేసియా అనే చిన్న సముద్రపుష్పం మరీ మొండిది. గిల్లి పీకితే మిగిలిన ముక్కలోంచి మళ్లీ మొలుస్తుంది. సూదితో సున్నపు తేట ఎక్కించడమో, దాన్ని తినే పెప్పర్‌మింట్ రొయ్యలను వదలడమో చేస్తారు.

గాయపడిన చేపను మాత్రం అక్కడే ఉంచి వైద్యం చేయరు. వేరే తొట్టెలోకి మారుస్తారు. అందులో రాళ్లూ ఇసుకా ఉండవు, దాక్కోవడానికి ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క, గాలి పంపు, పాత తొట్టెకు సరిపోయే వేడిమి, ఉప్పదనం ఉంటాయి. చేప రక్తం కంటే సముద్రపు నీరు ఉప్పగా ఉంటుంది. అందుచేత గాయం గుండా ఒంట్లోని నీరు బయటికి పోతుంటుంది. ఉప్పదనాన్ని నెమ్మదిగా కొంత తగ్గిస్తే చేపకు ఆ భారం తగ్గుతుంది. రెక్క చిరిగినంత గాయాలు శుభ్రమైన నీటిలో చాలావరకు వాటంతటవే మానతాయి. రాగి గాయానికి మందు కాదు, పరాన్నజీవికి మందు. ఈ రెంటినీ కలగాపులగం చేసి చేపలను చంపుకున్నవారు తక్కువేమీ కాదు.

స్వయంపరీక్ష: 1955 నాటి మందు, 1961 నాటి పద్ధతి ఒకే తొట్టెలో ఎందుకు ఇమడలేదు? పది వాక్యాల్లో రాయండి.

బయటికి వెళ్లిన అతిథి

ఇప్పటిదాకా లోపలికి వచ్చినవాటిని చూశాం. 1984లో మొనాకోలోని సముద్ర మ్యూజియం ఎదుట, మధ్యధరా సముద్రంలో కాలెర్పా అనే ఆకుపచ్చ నాచు సుమారు ఒక చదరపు మీటరు మేర కనిపించింది. అది అక్వేరియంలలో అలంకారానికి పెంచుకున్న రకం. పట్టించుకోలేదు. తర్వాతి సంవత్సరాల్లో అది అనేక దేశాల తీరాలకు పాకింది. 2000లో కాలిఫోర్నియాలో అదే రకం కనబడగానే అధికారులు ప్లాస్టిక్ పట్టాలు కప్పి, క్లోరిన్ వేసి చంపారు. 2006లో నిర్మూలన పూర్తయిందని ప్రకటించారు. తొలి చదరపు మీటరు దగ్గర మేల్కొన్నవారికీ మేల్కొననివారికీ ఉన్న తేడా అంత.

మన తీరం

తెలుగు జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో, మెరీనా తీరాన 1909లో సముద్ర అక్వేరియం తెరుచుకుంది. మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దాని రూపకర్త. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో అది మూతపడింది. లైవ్ రాక్ విషయంలో ఒక మాట: 2001 నుంచి రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన తీరంలో పగడపు రాయిని తవ్వి ఇంటికి తెచ్చుకోవడం నేరం.

పిలవని అతిథి ఎంత నష్టం చేయగలదో కోస్తా ఆంధ్రకు అక్వేరియం నేర్పలేదు, రొయ్యల చెరువు నేర్పింది. 1994–95లో తెల్లమచ్చల వైరస్ నెల్లూరు ప్రాంతపు చెరువులను తుడిచిపెట్టింది. అప్పు చేసి చెరువు తవ్విన రైతుకు అది తొట్టెలో చేప చావడం లాంటిది కాదు. 2009లో విదేశీ వన్నామీ రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు, తల్లి రొయ్యలను నేరుగా హేచరీలకు పంపనివ్వలేదు. చెన్నై దగ్గర నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో విడిగా ఉంచి, వైరస్ పరీక్షలు జరిపి, ఏమీ లేదని తేలిన తర్వాతే మన తీరంలోని హేచరీలకు వదిలారు.