చిన్న చేపల విన్నపాలు

టపా రాస్తే డబ్బు వస్తుందన్న మాట ఎవరు చెప్పినా కొంత సందేహంతో వినడం బ్లాగరులకు అలవాటు. ప్రకటనల పుణ్యమా అని నాలుగు రూకలు కళ్ళజూసినవారు మనలో ఎందరని? అటువంటిది, ప్రకటన అన్నదే లేకుండా, చదివినవాడు మెచ్చి ఒక మీట నొక్కితే రాసినవాడి ఖాతాలో ధనం జమ అయ్యే ఏర్పాటు ఒకటి 2016లో వెలసింది. దాని పేరు స్టీమిట్. ఆ నాణెం ధర ఎక్కడికి ఎక్కి ఎక్కడికి దిగిందన్నది వ్యాపార పత్రికల సంగతి. దాని జోలికి నేను పోను. అక్కడ చేరిన ప్రతి కొత్త వాడుకరీ మొదటి నెల తిరక్కముందే ఒక విన్నపాల చిట్టా తయారు చేసేవాడు. దాదాపు అందరి చిట్టాలూ ఒకే తీరుగా ఉండేవి. ఆ విన్నపాల గతి ఏమయింది, విన్నవారు ఎందుకు విన్నారు అన్నదే ఇక్కడి ప్రస్తావన.

నెడ్ స్కాట్, డాన్ లారిమర్ అనే ఇద్దరు ఈ సంస్థను స్థాపించారు. లారిమర్ అంతకుమునుపే బిట్‌షేర్స్ అనే వ్యవస్థను నిర్మించినవాడు. 2016 మార్చి 24న స్టీమ్ అనే బ్లాక్‌చెయిన్ మొదలయింది. స్టీమిట్ దాని మీద నిలిచిన రచనావేదిక. బ్లాక్‌చెయిన్ అంటే ఒకరి పెట్టెలో కాక అనేకుల యంత్రాలలో ఏకకాలంలో ఉండే పద్దుపుస్తకం అనుకోండి. ఎక్కిన పద్దును ఎవరూ గుట్టుగా కొట్టివేయలేరు. ఇక్కడ టపాలూ వ్యాఖ్యలూ ఓట్లూ కూడా పద్దులే. మూడు సెకన్లకొక పుట చేరుతుంది. పుటలు రాసేవారికి సాక్షులని పేరు. వారిలో ప్రధానులు 20 మంది.

వ్యవస్థ నిత్యం కొత్త నాణేలను పుట్టించి, వాటిలో అధికభాగాన్ని ఓట్ల ప్రకారం రచయితలకూ ఓటు వేసినవారికీ పంచుతుంది. అయితే ఓటు మనిషికొకటి కాదు. ఎవడు ఎన్ని నాణేలకు ‘స్టీమ్ పవర్’ పేరిట తాళం వేసుకున్నాడో వాడి ఓటుకు అంత బరువు. సాక్షులను ఎన్నుకునే ఓటుకూ అదే కొలత. పెద్ద నిల్వదారులను తిమింగలాలనీ, కొత్తవారిని మిన్నోలనీ, అంటే చిన్న చేపలనీ, పిలిచేవారు. ఆ పేర్లలో దాపరికమేమీ లేదు; ఎవరు ఎవరికి ఆహారమో నిఘంటువు చూడనక్కరలేదు.

తొలి చెల్లింపులు 2016 జూలై 4న జరిగాయి. జనం విరగబడ్డారు. పది రోజులకే దొంగలూ వచ్చారు; 260కి లోపు ఖాతాలలో చొరబడి సుమారు 85 వేల డాలర్ల విలువైన నాణేలు కాజేశారు. ఆ తరువాత, దొంగలపాలైన ఖాతాను 30 రోజుల లోపు పాత తాళంచెవి చూపి తిరిగి పొందే దారి కల్పించారు. సంకేతపదాన్ని తానే పోగొట్టుకున్నవాడికి మాత్రం ఏ దారీ లేదు. కొత్తవారి మొదటి విన్నపం తరచుగా ఇదే: మరచిపోతే మళ్ళీ ఇచ్చే ఏర్పాటు చేయండి మహాప్రభో అని. అది వ్యవస్థ స్వభావానికే విరుద్ధం. తాళంచెవి మరొకరి దగ్గర లేదన్నదే దాని గొప్ప, అదే దాని ముప్పు.

అసలు బాధ మరొకటి. కొత్తవాడు రాత్రంతా కూర్చుని వ్యాసం రాస్తాడు; పదిమంది కొత్తవాళ్ళు చదివి ఓటు వేస్తారు; వచ్చిన రాబడి సున్న. మొత్తం రెండు సెంట్లకు చేరకపోతే అసలు చెల్లింపే ఉండదు. దీనికి కారణం కేవలం నిల్వల తేడా కాదు. తొలి నియమం ప్రకారం రాబడిని ఓటు బరువుల మొత్తపు వర్గాన్ని బట్టి లెక్కించేవారు. వంద నాణేలవాడి ఒంటి ఓటుకు ఒక పాలు వస్తే, వెయ్యి నాణేలవాడి ఒంటి ఓటుకు పది పాళ్ళు కాదు, వంద పాళ్ళు! లెక్క తెలిసినవారు ఇది చూసి నిర్ఘాంతపోయారు. తనకు తానే ఓటు వేసుకునే దొంగ ఖాతాల గుంపులను అడ్డుకోవడానికే ఈ నియమమని నిర్మాతల సమర్థన. ఆ సమర్థనలో నిజం ఉంది. కానీ దాని భారం పడింది నిజాయతీపరుడైన చిన్నవాడి మీద.

నియమాలను మార్చే పెద్ద సందర్భాలను హార్డ్ ఫోర్కులంటారు. 2016 డిసెంబరులో వచ్చిన 16వ ఫోర్కు కొత్తవారి ఒక పెద్ద విన్నపాన్ని తీర్చింది. అంతవరకు తాళం వేసిన నాణేలు బయటికి రావాలంటే వారానికొక వాయిదా చొప్పున 104 వారాలు పట్టేది. దాన్ని 13 వారాలకు తగ్గించారు. మొత్తం నాణేలు ఏటా దాదాపు రెట్టింపయ్యే పద్ధతిని విడిచి, ఏటి పెరుగుదలను 9.5 శాతానికి దించి, అది క్రమంగా తగ్గేటట్లు కట్టడి చేశారు. మరి ఈ విన్నపం ఇంత తొందరగా ఎందుకు ఫలించింది? తాళంలో చిక్కుకున్న నాణేలు తిమింగలాలవే ఎక్కువ. చిన్న చేప అడిగినది తిమింగలానికి కూడా కావలసినదైతే పని సులువు.

2017 జూన్‌లో 19వ ఫోర్కుతో వర్గపు లెక్క పోయి సరళరేఖ వచ్చింది. చిన్నవాడి ఓటుకు మొదటిసారి కొన్ని పైసల విలువ కనిపించింది. ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. అదే ఏడాది తొలిభాగంలో నాణేల ఓటుబలాన్ని మరొకరికి అరువిచ్చే వసతి వచ్చి ఉంది. సరళరేఖ, అరువు కలిసేసరికి ఓట్ల అంగడి వెలసింది. వేలం బాట్లకు డబ్బు పంపితే అవి మన టపాకు ఓటు వేస్తాయి. అరువిచ్చిన తిమింగలం ఏ టపా చదవకుండానే అద్దె పుచ్చుకుంటుంది. ముందువరుసలో కనిపించే టపాలు మెచ్చినవి కావు, కొన్నవి. మంచి రచనను వెదికి పట్టి ఓటు వేసేవాడికి కూడా పారితోషికమని మొదట చెప్పిన మాట ఇక్కడ గాలికి పోయింది. ‘బాట్లను నిషేధించండి’ అన్నది 2017, 2018 సంవత్సరాల విన్నపం. నిషేధించవలసినవాళ్ళలో అద్దె పుచ్చుకునేవాళ్ళూ ఉన్నారు మరి.

అంతటితో ఆగక, 2018 సెప్టెంబరులో వచ్చిన 20వ ఫోర్కు వనరుల లెక్క అనే కొత్త పద్ధతి తెచ్చింది: నిల్వను బట్టే ఎన్ని వ్యాఖ్యలు రాయవచ్చునన్నది కూడా. తొలి రోజులలో ఎందరో చిన్న ఖాతాదారులు ఒక్క వ్యాఖ్యకు కూడా నోచుకోలేదు. ఆ ఏడాది మే నెలలోనే ఖాతాలు పది లక్షలు దాటాయని ఉత్సవం చేసుకున్న వేదిక అది! (ఖాతాలంటే మనుషులు కారనుకోండి.) నవంబరులో నాణెం ధర పడిపోయి, సంస్థ 70 శాతానికి పైగా సిబ్బందిని తొలగించింది. 2017 నాటి ప్రణాళికలో చెప్పిన సమూహాలు, అంటే ఒకే అభిరుచి ఉన్నవారు ఒకచోట రాసుకునే గదులు, 2019 ముగిసే దశలో గానీ అందలేదు.

2019 ఆగస్టులో 21వ ఫోర్కు బాట్ల పని పట్టింది. రచయితకు 75, ఓటరుకు 25గా ఉన్న పంపకాన్ని సగం సగం చేశారు. వ్యతిరేక ఓట్లకు విడిగా కొంత బలం ఉచితంగా ఇచ్చారు. కొన్న ఓటుతో పైకెక్కిన టపాను దించడం తేలికయింది. బాట్లు చాలామటుకు మూతపడ్డాయి. మందు పనిచేసింది, కాని ఓట్లు తక్కువ పడిన టపాల రాబడిని తగ్గించే వంపు ఒకటి లెక్కలోకి మళ్ళీ వచ్చింది. మూల్యం ఎవరు చెల్లించారో చెప్పనక్కరలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, 2020 ఒక ఎత్తు. వ్యవస్థ పుట్టిన తొలినాళ్ళలో, బయటివారు పెద్దగా చేరకముందే, సంస్థ తన యంత్రాలతో భారీగా నాణేలు తవ్వుకొని ఉంచుకుంది. అది అభివృద్ధి కోసమేననీ, ఆ నాణేలతో సాక్షుల ఎన్నికలో ఓటు వేయమనీ చెబుతూ వచ్చింది. మాట తప్ప పద్దులో దానికి ఏ తాళమూ లేదు. 2020 ఫిబ్రవరి 14న ట్రాన్ అధిపతి జస్టిన్ సన్ స్టీమిట్‌ను కొన్నట్టు ప్రకటన వెలువడింది. మాట ఇచ్చినవారు పోయారు, నాణేలు ఉన్నాయి. భయపడిన సాక్షులు అదే నెలలో ఆ నాణేలను కదలకుండా స్తంభింపజేశారు. మార్చి 2న బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ అనే మారకపు సంస్థలు తమ దగ్గర ఖాతాదారులు దాచుకున్న నాణేలకు తాళం వేసి, వాటితో ఓటు వేశాయి. 20 మంది ప్రధాన సాక్షులూ మారిపోయారు. తాము వేసింది ఇటువంటి ఓటని తెలియదని బైనాన్స్, హువోబీ ఆ తరువాత వెనక్కు తగ్గాయి. కాని తాళం తాళమే: 13 వారాలు! ఖాతాదారులు తమ సొమ్ము తీసుకోలేక అల్లాడారు. 16వ ఫోర్కు రాకపోయి ఉంటే అది 104 వారాలయ్యేది.

ఆ మార్చి 20న పాత సాక్షులూ రచయితలూ పద్దుపుస్తకాన్ని యథాతథంగా నకలు తీసుకొని హైవ్ అనే పేరుతో వేరుపడ్డారు. ఎవరి టపాలు వారితో వచ్చాయి, ఎవరి నాణేలు వారికి వచ్చాయి. సంస్థ నాణేలు రాలేదు. సన్ సాక్షులకు మద్దతిచ్చిన కొందరి నాణేలు కూడా రాలేదు. రెండవది నాకు మింగుడుపడదు. ఓటు ఎటు వేశాడన్న నేరానికి నిల్వ పోవడమేమిటి? పాతచోట మే 20న అంతకు మించినది జరిగింది: 64 ఖాతాల నుంచి 2 కోట్ల 36 లక్షల స్టీమ్ నాణేలను నియమం మార్చి లాక్కున్నారు. కొట్టివేయడానికి వీలులేని పుస్తకమని చెప్పినదే రెండు చోట్లా ఓట్ల బలంతో తిరగరాయబడింది.

హైవ్ వారు ఆ అనుభవంతో ఒక నియమం చేర్చారు: కొత్తగా తాళం వేసిన నాణేలకు సాక్షుల ఎన్నికలో 30 రోజులు ఓటు చెల్లదు. 2021 జూన్ 30 నాటి 25వ ఫోర్కులో, చిన్న టపాలను నొక్కిపెట్టిన ఆ వంపును తీసివేసి సరళరేఖకు తిరిగి వచ్చారు. మొదటి 24 గంటలలో ఎప్పుడు ఓటు వేసినా పారితోషికం సమానమన్నారు. కొత్తవారి చిట్టాలో ఉన్న మరొక అంశం, టపా పడిన ఏడు రోజుల తరువాత ఎంతమంది చదివి మెచ్చినా రచయితకు ఏమీ రాదన్న నియమం మార్చమన్నది. దాన్ని మాత్రం అప్పుడు కూడా ఎవరూ తాకలేదు.