దూరప్రయాణపు మోటారు సైకిలు ఉపకరణాలు

దూరప్రయాణపు మోటారు సైకిలు ఉపకరణాలు అనగా మోటారు సైకిలుపై వందల కిలోమీటర్లు ప్రయాణించేవారు సామాను, సౌకర్యం, రక్షణ, వెలుతురు కోసం వాహనానికి అదనంగా అమర్చుకునే సాధనాలు. సామాను పెట్టెలు, సంచులు, విండ్‌స్క్రీను, క్రాష్ గార్డు, అదనపు దీపాలు, ఫోను చార్జరు వీటిలో ముఖ్యమైనవి. ప్రతి ఉపకరణమూ వాహనపు బరువును, గాలి వలన కలిగే నిరోధాన్ని, లేదా బ్యాటరీపై భారాన్ని ఎంతో కొంత మారుస్తుంది. అందువలన వీటి ఎంపిక, అమరిక సౌకర్యానికే కాక ప్రాణరక్షణకూ సంబంధించిన విషయాలు.

చరిత్ర

తొలినాళ్ళలో యాత్రికులు తోలు సంచులను వెనుక చక్రానికి ఇరువైపులా వేలాడదీసుకునేవారు. గుర్రపు జీను సంచుల పోలిక వలన వీటికి సాడిల్ బ్యాగులు అనే పేరు వచ్చింది. 1971లో అమెరికాకు చెందిన క్రెయిగ్ వెటర్ రూపొందించిన విండ్‌జామర్ అనే గాలితొడుగు అనేక కంపెనీల మోటారు సైకిళ్ళకు అమర్చుకునే వీలుతో వచ్చి ప్రజాదరణ పొందింది. ఇటలీకి చెందిన మోటారు సైకిలు పందెగాడు జ్యుసెప్పె విసెంజి 1978లో స్థాపించిన గివి సంస్థ గట్టి ప్లాస్టిక్ పెట్టెలకు పేరు పొందింది. గాలితొడుగు, సామాను పెట్టెలు కర్మాగారంలోనే బిగించిన గోల్డ్ వింగ్ ఇంటర్‌స్టేట్‌ను హోండా సంస్థ 1980లో విడుదల చేసింది. భారతదేశంలో చాలాకాలం రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టుకు స్థానిక మెకానిక్కులు ఇనుప చట్రాలు వెల్డింగు చేసి ఇచ్చేవారు. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కు సామాను బిగించే ఏర్పాట్లు తయారీలోనే ఉన్నాయి.

బరువు లెక్క

ఏ ఉపకరణం కొనే ముందయినా వాహనం మోయగల బరువును తెలుసుకోవాలి. తయారీదారు అనుమతించిన మొత్తం బరువు నుండి వాహనపు సొంత బరువును తీసివేస్తే ఈ సంఖ్య వస్తుంది. ఉదాహరణకు మొత్తం బరువు 380 కిలోలు, సొంత బరువు 200 కిలోలు అనుకుంటే 180 కిలోలు మిగులుతాయి. నడిపేవారు 75 కిలోలు, వెనుక కూర్చున్నవారు 60 కిలోలు ఉంటే మిగిలేది 45 కిలోలు. గార్డులు, చట్రాలు, ఖాళీ పెట్టెలు కలిసి 20 కిలోలు తూగితే సామానుకు మిగిలేది 25 కిలోలు మాత్రమే.

బరువు ఎంత అన్నదే కాక ఎక్కడ ఉన్నదన్నదీ ముఖ్యమే. వెనుక ఇరుసుకు అవతల, ఎత్తులో ఉండే టాప్ బాక్సులో బరువు పెరిగితే ముందు చక్రంపై భారం తగ్గుతుంది. అప్పుడు వేగంలో వాహనం పాములా ఊగే ప్రమాదముంది. కాబట్టి పనిముట్లు, నీళ్ళ సీసాల వంటి బరువైనవి పక్క పెట్టెల అడుగున, ముందువైపుగా ఉంచాలి. టాప్ బాక్సులో వానకోటు, బట్టల వంటి తేలికైనవి పెట్టుకోవాలి. రెండు పక్కలా బరువు సమానంగా ఉండాలి. సామాను నింపిన తరువాత వాహనపు చేతిపుస్తకంలో సూచించిన విధంగా టైర్ల గాలిని, వెనుక షాకబ్జార్బరు స్ప్రింగు బిగువును సరిచేయాలి.

సామాను సాధనాలు

గుడ్డ సంచులు చవకైనవి, తేలికైనవి. అయితే ఇవి సైలెన్సరుకు తగిలి కాలకుండా, చక్రంలోకి జారకుండా లోపలివైపు లోహపు చట్రం ఉండాలి. గట్టి పెట్టెలకు తాళం ఉంటుంది, వాన నీరు అంతగా చొరబడదు. కాని ఇవి వెడల్పును పెంచుతాయి కనుక ఇరుకు దారులలో, లారీల పక్కన వెళ్ళేటపుడు ఆ తేడాను గుర్తుంచుకోవాలి.

మన దేశంలో సాడిల్ బ్యాగు చట్రం పట్టడం కోసం చీర గార్డును తీసివేయడం తరచుగా జరిగే పొరపాటు. వెనుక కూర్చున్నవారి చీర కొంగు లేదా చున్నీ చక్రంలో చుట్టుకుంటే క్షణంలో ప్రాణాపాయం కలుగుతుంది. చీర గార్డును ఉంచుతూనే బిగించగల చట్రాన్ని ఎంచుకోవాలి.

మనాలి–లేహ్ మార్గంలో తాండి వద్ద, తదుపరి పెట్రోలు బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉన్నదని తెలిపే బోర్డు యాత్రికులలో ప్రసిద్ధి పొందింది. 15 లీటర్ల ట్యాంకుతో, లీటరుకు 25 కిలోమీటర్ల చొప్పున వచ్చేది 375 కిలోమీటర్లే. ఇటువంటి చోట్ల పెట్రోలు డబ్బా అవసరమవుతుంది. డబ్బాను ఇంధనానికై తయారైనదిగా చూసి తీసుకోవాలి. ఎండకు పెట్రోలు వ్యాకోచిస్తుంది కనుక పూర్తిగా నింపరాదు, సైలెన్సరుకు దూరంగా కట్టాలి.

గాలి, రక్షణ

విండ్‌స్క్రీను పై అంచు నడిపేవారి ముక్కు ఎత్తులో ఉంటే మంచిది. దారిని దాని పైనుండి చూడగలగాలి. వానలోను, రాత్రివేళ ఎదురు దీపాలలోను దాని గుండా చూడటం కష్టం. క్రాష్ గార్డును వాహనపు చట్రానికి ఒకటికంటే ఎక్కువ చోట్ల బిగించాలి.

హ్యాండిలును ఎత్తు చేసినపుడు క్లచ్, యాక్సిలరేటరు కేబుళ్ళు, బ్రేకు గొట్టం పొడవు చాలుతున్నదీ లేనిదీ చూడాలి. వాహనాన్ని నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజను నడుస్తుండగా హ్యాండిలును రెండు కొసలకూ తిప్పాలి. ఇంజను వేగం పెరిగితే కేబులు లాగబడుతున్నదని అర్థం. దానిని సరిచేయకుండా బయలుదేరరాదు.

విద్యుత్ ఉపకరణాలు

వాట్లను 12 వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 55 వాట్ల హాలోజన్ దీపాలు రెండు కలిసి సుమారు 9.2 ఆంపియర్లు తీసుకుంటాయి. 20 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు రెండింటికి 3.3 ఆంపియర్లు చాలు. అదనపు భారాన్ని ఆల్టర్నేటరు భరించలేకపోతే బ్యాటరీ దారిలోనే ఖాళీ అవుతుంది.

అదనపు దీపాలకు విద్యుత్తును హెడ్‌లైటు తీగ నుండి కాక, ఫ్యూజు, రిలే ద్వారా బ్యాటరీ నుండి తీసుకోవాలి. నాలుగు కాళ్ళ సాధారణ రిలేలో కలపవలసిన విధానం ఇది:

* 30: ఫ్యూజు ద్వారా బ్యాటరీ ధన ధ్రువానికి
* 87: దీపాలకు
* 86: ఇగ్నిషన్ తాళంతో పనిచేసే తీగకు, స్విచ్చి ద్వారా
* 85: రుణ ధ్రువానికి

ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. పని మొదలుపెట్టేటపుడు బ్యాటరీ రుణ తీగను ముందుగా విప్పి, చివరగా కలపాలి. తీగలు సైలెన్సరుకు తగలకుండా, హ్యాండిలు తిరిగేచోట నలగకుండా కట్టాలి. ఎక్కువ శక్తిగల మోటారు సైకిలు ఇంజన్ల కంపనాలు ఐఫోను కెమెరాను దెబ్బతీయవచ్చునని ఆపిల్ సంస్థ 2021లో హెచ్చరించింది. అందుచేత ఫోను పట్టీకి కంపనాలను తగ్గించే భాగం ఉండటం మేలు.

బిగింపు, తనిఖీ

బోల్టులను చేతిపుస్తకంలో చెప్పినంత బిగువుతోనే బిగించాలి. అతిగా బిగిస్తే మరలు పాడవుతాయి. కంపనాలకు వదులయ్యేచోట మరల జిగురు వాడాలి. బిగించిన తరువాత సామానుతో 50–100 కిలోమీటర్లు నడిపి, ప్రతి బోల్టునూ మళ్ళీ చూడాలి. పెద్ద యాత్రకు ముందురోజు కొత్త ఉపకరణం బిగించుకోవడం మంచిది కాదు.

చట్టం

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనంలో మార్పులను నియంత్రిస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం వెనుక కూర్చునేవారికి చేతిపిడి, పాదాల ఆనిక, వెనుక చక్రంలో దుస్తులు చిక్కుకోకుండా రక్షణ ఉండాలి. 2020లో చేసిన సవరణ ప్రకారం అమర్చే పెట్టె పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లకు మించరాదు. పెట్టెను వెనుక సీటు స్థానంలో ఉంచితే రెండవ వ్యక్తిని ఎక్కించుకోరాదు.

ఇవి కూడా చూడండి

* మోటారు సైకిలు
* శిరస్త్రాణం
* రాయల్ ఎన్‌ఫీల్డ్