గుంపు మేస్త్రీ

గుంపు మేస్త్రీ అనగా ఊరి కూలీలను జట్టుగా కూర్చి, దూరప్రాంతాల నిర్మాణ పనులకు తీసుకువెళ్ళి పని చేయించే నాయకుడు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఈ పద్ధతి ప్రసిద్ధి చెందినది. పాన్‌గల్ మండలమున్న వనపర్తి ప్రాంతం 2016లో ఆ జిల్లా నుండి వేరుపడింది. ఇక్కడి కూలీలు "పాలమూరు లేబర్"గా ఆనకట్టలు, కాలువల పనులలో పేరుపొందారు.

జట్టు నిర్వహణ

మేస్త్రీ పెద్ద గుత్తేదారు వద్ద సొమ్ము తీసుకొని కూలీలకు ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. స్వంత పెట్టుబడి తక్కువైన అతనికి ఊరివారి నమ్మకమే మూలధనం. తిండి, బస, పని పంపకం, కూలి లెక్కలు సక్రమంగా చూసిన మేస్త్రీ వెంటనే జట్టు నిలుస్తుంది.

విమర్శ, చట్టాలు

అడ్వాన్సు తీరేవరకు కూలీ పని మానలేకపోతే అది వెట్టిచాకిరి అవుతుంది. అటువంటి అప్పులను 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం రద్దు చేసింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం గుత్తేదారుకు లైసెన్సును, కార్మికునికి పాసుపుస్తకాన్ని తప్పనిసరి చేసింది.