రాగి ఎక్కడ? ఇనుము ఎక్కడ?
జంషెడ్‌పూర్ కొలిమి నుంచి కంప్యూటర్ పెట్టె దాకా నీటి శీతలీకరణ కథ

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. రాగి 1085 డిగ్రీలకే కరిగిపోతుంది. ఇనుప ఖనిజాన్ని కరిగించే బ్లాస్ట్ కొలిమిలో వేడిగాలి లోపలికి దూసుకువచ్చే చోట మంట ఉష్ణోగ్రత 2000 డిగ్రీలు దాటుతుంది. ఆ మంటకు ఎదురుగా నిలిచే గాలి గొట్టం కొసను ఏ లోహంతో చేయాలి?

ఇనుముతో చేయాలని మీలో చాలామంది అంటారు. కాని ఈనాడు ప్రపంచమంతటా ఆ కొసను రాగితోనే చేస్తున్నారు. ముందుగా కరిగే లోహం అదే, ఎన్నో రెట్లు ఖరీదైన లోహమూ అదే. అలాగని కొలిమి మొత్తాన్ని రాగితో కట్టరు. చాలా భాగం ఇనుమూ ఉక్కూ ఇటుకే. ఎక్కడ ఖరీదైన భాగం పెట్టాలి, ఎక్కడ చవక భాగం సరిపోతుంది అన్న ఈ విచక్షణ ఒక్కరోజులో వచ్చింది కాదు. దాని వెనుక సుమారు రెండు వందల ఏళ్ల అనుభవం ఉంది. సొంత కంప్యూటర్‌కు నీటి శీతలీకరణ అమర్చుకోవాలని జంషెడ్‌పూర్ సాక్చి బజారులో ధరలు వాకబు చేసే విద్యార్థి ముందున్న ప్రశ్న కూడా సరిగ్గా ఇదే.

స్కాట్లండ్‌లో మొదలు

1828లో గ్లాస్గో నగరవాసి జేమ్స్ బోమాంట్ నీల్సన్ కొలిమిలోకి చల్లగాలికి బదులు వేడిగాలి ఊదే పద్ధతికి పేటెంట్ పొందాడు. దానితో ఇంధనం ఖర్చు బాగా తగ్గింది. కాని కొత్త చిక్కు ఒకటి వచ్చింది. ట్వీయర్లు అనే గాలి గొట్టాల కొసలు వేడికి త్వరగా కాలిపోసాగాయి. 1830ల్లో కాండీ అనే స్కాట్లండ్ నిపుణుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇనుప గొట్టాన్ని స్ప్రింగులా చుట్టి, దాని చుట్టూ పోత ఇనుము పోసి, ఆ గొట్టంలో నీరు పారించాడు. ‘స్కాచ్ ట్వీయర్’గా పేరు పొందిన ఈ భాగం చవక. ఆనాటి వేడికి అది సరిపోయింది.

కొలిములు పెద్దవై, గాలి మరింత వేడెక్కిన కొద్దీ పోత ఇనుము చాలలేదు. రాగి, కంచు రంగంలోకి దిగాయి. 1890ల నాటికి అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గర ఎడ్గర్ థామ్సన్ కర్మాగారంలో పనిచేసిన జేమ్స్ గేలీ కొలిమి గోడలో అమర్చే కంచు పలకలను రూపొందించాడు. వాటిలో నీరు పారుతూ గోడను కాపాడేది.

ముందే కరిగే లోహం ఎలా నిలుస్తుంది?

ఒక వస్తువు కరగడం, కరగకపోవడం చుట్టూ ఉన్న మంట ఉష్ణోగ్రత మీద మాత్రమే ఆధారపడదు. తనలోకి వచ్చే వేడిని అది ఎంత త్వరగా అవతలికి పంపగలదన్నది ముఖ్యం. దీన్నే ఉష్ణ వాహకత అంటాం. మీటరుకు, డిగ్రీకి వాట్లలో చూస్తే రాగికి ఇది సుమారు 400, అల్యూమినియంకు 235, పోత ఇనుముకు 50, స్టెయిన్‌లెస్ స్టీలుకు 15.

ఒక లెక్క వేద్దాం. 4 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం, 2 మిల్లీమీటర్ల మందం గల పలక గుండా 200 వాట్ల వేడి పోవాలి. అందుకు పలక రెండు ముఖాల మధ్య ఉండవలసిన ఉష్ణోగ్రత తేడా రాగికి 2.5 డిగ్రీలు. అల్యూమినియంకు సుమారు 4.3, పోత ఇనుముకు 20, స్టెయిన్‌లెస్ స్టీలుకు 67 డిగ్రీలు! అంటే రాగి పలక ముఖం దాదాపు వెనుకనున్న నీటంత చల్లగా ఉంటుంది. కొలిమి గోడలో ఇంకో వింత కూడా జరుగుతుంది. చల్లని రాగి ముఖాన్ని తాకిన లోహమలం అక్కడే గడ్డకట్టి పొరగా నిలుస్తుంది. ఆ పొరే రాగికి కవచం.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు పోత ఇనుము కంటే ఖరీదు ఎక్కువ. కాని వేడిని దాటించే పనిలో దాని కంటే వెనుకబడింది. ధర ఎక్కువైనదల్లా ప్రతి పనికీ మేలైనది కాదు.

సాక్చికి నీరు

1904 ఫిబ్రవరిలో భూగర్భ శాస్త్రజ్ఞుడు ప్రమథనాథ్ బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలోని ఇనుప ఖనిజం గురించి జంషెట్జీ టాటాకు లేఖ రాశారు. అదే ఏడు మే నెలలో జంషెట్జీ మరణించారు. ఆయన కుమారుడు దొరాబ్జీ ఆ పని కొనసాగించారు. 1907 ఆగస్టు 26న టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. ఖనిజం, బొగ్గు, సున్నపురాయితో పాటు వారు వెదికిన నాలుగో వస్తువు నీరు. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం దగ్గరనున్న సాక్చి గ్రామం అందుకే అనుకూలమైంది. 1919లో ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు.

కర్మాగారం రూపకల్పన పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెన్నెడీ, సాలిన్ సంస్థకు దక్కింది. కెన్నెడీ పూర్వం ఎడ్గర్ థామ్సన్ కొలిములను నడిపిన అనుభవజ్ఞుడు. 1911 డిసెంబర్ 2న తొలి కొలిమి వెలిగింది. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మె వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగువారు ఎందరో ఇక్కడి పనుల్లో చేరి స్థిరపడ్డారు. బిస్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు.

కొలిమి రాత్రింబగళ్లు మండుతుంది. నది మాత్రం వేసవిలో సన్నబడుతుంది. నీరు ఆగితే ఎంత ఖరీదైన రాగి అయినా నిమిషాల్లో కరిగిపోతుంది. అందుకే నీటిని నిలవ చేయడం, పంపులు ఆగకుండా చూడడం మొదటి నుంచీ ప్రాణప్రదమైన పనులు. 1940ల్లో దల్మా కొండల పాదాన డిమ్నా జలాశయాన్ని నిర్మించారు. మన విశాఖ ఉక్కు కర్మాగారానిదీ ఇదే కథ. 1990లో వెలిగించిన ‘గోదావరి’ కొలిమితో మొదలై, ఆ కర్మాగారం ఏలేరు నుంచి కాలువ ద్వారా వచ్చే నీటి మీద ఆధారపడింది.

పొరుగునే రాగి

విశేషమేమంటే, ఇనుముకు పేరు పొందిన ఈ సింగ్‌భూమ్ ప్రాంతంలోనే రాగి గనులూ ఉన్నాయి. ఘాట్‌శిల దగ్గర మౌభండార్‌లో ఇండియన్ కాపర్ కార్పొరేషన్ రాగి కర్మాగారం 1930 నాటికే పనిచేస్తోంది. 1972లో అది ప్రభుత్వపరమైంది. రాగి పక్కనే దొరికినా దాన్ని పొదుపుగానే వాడాలి.

20వ శతాబ్దం మధ్యకాలంలో సోవియట్ ఇంజనీర్లు కొలిమి లోపలి గోడ పొడవునా నీటి గొట్టాలు ఇమిడిన పోత ఇనుప పలకలు అమర్చే పద్ధతిని అభివృద్ధి చేశారు. వీటిని స్టేవ్‌లు అంటారు. 1970ల చివర జర్మనీలో రాగి స్టేవ్‌లు వచ్చాయి. ఇవి వచ్చాక ఇనుప స్టేవ్‌లు పోయాయా? పోలేదు. వేడి తీవ్రంగా ఉండే కింది భాగంలో రాగి, వేడి తక్కువైన పై భాగంలో పోత ఇనుము అమర్చడం వాడుకైంది. రాగి మెత్తని లోహం. పైనుంచి జారే ఖనిజం, కోకు రాపిడికి అరిగిపోతుంది. కొన్ని కొలిముల్లో రాగి స్టేవ్‌లు అనుకున్న కాలం కన్నా ముందే అరిగిపోయాయి. ఖరీదైన భాగానికి కూడా దాని బలహీనత దానికి ఉంటుంది.

కంప్యూటర్‌లోకి నీరు

నీరు గాలి కంటే ఎంత మేలు? ఒకే ఘనపరిమాణం తీసుకుంటే, ఒక డిగ్రీ వేడెక్కడానికి నీరు గాలి కంటే సుమారు 3500 రెట్లు ఎక్కువ వేడిని గ్రహిస్తుంది. ఈ గుణాన్నే కంప్యూటర్ నిర్మాతలు వాడుకున్నారు. ఐబీఎం 1960ల్లో సిస్టమ్ 360 మోడల్ 91లో నీటిని ఉపయోగించింది. 1980లో ప్రకటించిన 3081 కంప్యూటర్‌లో ప్రతి చిప్‌నూ ఒక అల్యూమినియం పిస్టన్ స్ప్రింగు బలంతో తాకుతూ వేడిని నీటి పలకకు చేరవేసేది. 1990 నాటి ఈఎస్ 9000 తరంలో ఆ పిస్టన్లను రాగితో చేశారు. వేడి పెరిగింది, లోహం మారింది. స్కాట్లండ్ కొలిమి కథే మళ్లీ జరిగింది.

1990ల చివర సొంత కంప్యూటర్లను వేగంగా నడపాలనుకున్న ఔత్సాహికులు ఈ పద్ధతిని ఇంటికి తెచ్చారు. అప్పట్లో దుకాణంలో దొరికే తయారు భాగాలు బహు తక్కువ. కార్లలో హీటరుకు వాడే చిన్న రేడియేటరు, చేపల తొట్టి పంపు, సొంతంగా కోసుకున్న రాగి దిమ్మె, ఇవే వారి సామగ్రి. చవక భాగాలే అయినా అవి చక్కగా పనిచేశాయి. కారణం అదృష్టం కాదు. పాత కారు రేడియేటర్లు రాగి, ఇత్తడితో చేసినవి. కాబట్టి రాగి దిమ్మెతో వాటికి తగువు రాలేదు.

రెండు లోహాల తగువు

ఆ తగువు సంగతి ఓడలవాళ్లకు ముందే తెలుసు. 1761లో బ్రిటిష్ నౌక ‘అలారం’ అడుగుకు రాగి రేకులు తొడిగారు. రెండేళ్ల తర్వాత చూస్తే రాగి బాగానే ఉంది. రాగిని తాకిన ఇనుప మేకులు మాత్రం తినివేయబడ్డాయి. ఉప్పు నీటిలో రెండు వేర్వేరు లోహాలు తాకితే అదొక విద్యుత్ ఘటం అవుతుంది. చురుకైన లోహం క్షయిస్తుంది.

ఇప్పుడు బజారులో దొరికే చవక రేడియేటర్లలో అనేకం అల్యూమినియంవి. ఖరీదైన రాగి దిమ్మె కొని, మిగిలిన డబ్బుతో అల్యూమినియం రేడియేటరు తగిలిస్తే ఏమవుతుంది? ఒకే నీరు రెండింటిలోనూ తిరుగుతుంది. నెలలు గడిచేసరికి అల్యూమినియం తినివేయబడి, ఆ మడ్డి రాగి దిమ్మెలోని సన్నని సందుల్లో పేరుకుంటుంది. చివరకు నీరు కారితే కంప్యూటరే పోతుంది. రెండూ రాగివైతే మంచిదే. తక్కువ డబ్బులో రెండూ అల్యూమినియంవైనా, క్షయ నిరోధకం కలిపిన ద్రవంతో, ఆ జోడీ దీనికన్నా నయం.

నీరు కూడా ఒక భాగమే. కుళాయి నీటిలోని లవణాలు పొలుసుగా పేరుకుంటాయి. పొలుసు ఉష్ణ వాహకత సుమారు 2 అనుకుంటే, 1 మిల్లీమీటరు పొలుసు 20 సెంటీమీటర్ల రాగి గోడ ఎంత అడ్డమో అంత అడ్డం! అందుకే స్వేదన జలం వాడాలి. ఇది అన్నిటికన్నా చవకైన ‘ఖరీదైన భాగం’.

ఎక్కడ ఖర్చు, ఎక్కడ పొదుపు?

పంపు సంగతి చూద్దాం. నిమిషానికి 4 లీటర్ల నీరు పారితే, 250 వాట్ల వేడి ఆ నీటిని ఒక్క చుట్టులో 0.9 డిగ్రీ మాత్రమే వేడెక్కిస్తుంది. రెట్టింపు ధర పెట్టి ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే ఆ పెరుగుదలలో మిగిలేది అర డిగ్రీ లోపే. పంపులో చూడవలసింది జోరు కాదు, ఆగకుండా నడిచే నమ్మకం.

జంషెడ్‌పూర్ వేసవిలో గాలి 40 డిగ్రీలు దాటుతుంది. రేడియేటరు ఎంత ఖరీదైనదైనా నీటిని గది గాలి కంటే చల్లగా చేయలేదు. ఉక్కు కర్మాగారాల శీతల గోపురాలు ఆ పని చేయగలవు. అక్కడ కొంత నీరు ఆవిరై మిగతా నీటిని చల్లబరుస్తుంది. మన మట్టికుండ సూత్రమే అది. ఇంట్లో మూసిన గొట్టాల వ్యవస్థలో ఆ సౌకర్యం లేదు. కాబట్టి మెరిసే రేడియేటరు కన్నా వైశాల్యం ఎక్కువున్న సాదా రేడియేటరూ, గాలి ఆడే గదీ మేలు. మామూలు పనులకు వాడే ప్రాసెసర్‌కైతే మంచి గాలి పంకా చాలు, నీళ్ల గొడవే అక్కర్లేదు.

రెండు శతాబ్దాల అనుభవం నేర్పిన పాఠాన్ని ఇలా చెప్పుకోవచ్చు. వేడి లోహాన్ని దాటే చోట ఖర్చు పెట్టండి. కారితే నష్టం కలిగే కీళ్ల దగ్గర ఖర్చు పెట్టండి. ఆగితే ప్రమాదమైన పంపు దగ్గర ఖర్చు పెట్టండి. నీరు ఊరికే నిలిచే తొట్టి, రంగు దీపాలు, నికెల్ మెరుపు, వీటిలో పొదుపు చేయండి. కొలిమిలో నీరు కారితే పేలుడు జరగవచ్చు. మీ బల్ల మీద కారితే ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు పోవచ్చు. భాగం కొనేముందు ధర చీటీ చూడడం ఎలాగూ తప్పదు. దానికన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ చోట వేడి ఎటు పోవాలి?