ఆ కాగితం ఎవరికి రాశారు?



తిరగబడి గెలిస్తే స్వాతంత్ర్యం వచ్చినట్టే కదా మేడమ్, మళ్ళీ ప్రకటన రాయడం ఎందుకు? పోయిన భాగం చదివి ఒక పీజీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. మంచి ప్రశ్న. ఈ భాగమంతా దానికే.

నేను తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. ఏ రచన చేతికొచ్చినా మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఎవరు రాశారు? ఎవరికి రాశారు? రాసి ఏం కొట్టేశారు? స్వాతంత్ర్య ప్రకటనల్నీ అలాగే చదవాలి.

అమెరికాతో మొదలుపెడదాం. బ్రిటన్ నుంచి విడిపోవాలని వలసల కాంగ్రెస్ తీర్మానం చేసింది 1776 జూలై 2న. అందరికీ తెలిసిన జూలై 4, ఆ తీర్మానానికి కారణాలు చెప్పే ప్రకటనను ఆమోదించిన రోజు. రెండు రోజుల ముందే నిర్ణయం అయిపోయాక ఇంకా రాయాల్సిన అవసరమేమిటి?

వాళ్ళకు తుపాకులు, మందుగుండు, అప్పులు కావాలి. అవి ఇవ్వగలిగింది బ్రిటన్‌కు పాత శత్రువైన ఫ్రాన్స్. కానీ ఇంకో రాజు మీద తిరగబడిన ప్రజలతో ఏ రాజూ బహిరంగంగా ఒప్పందం చేసుకోడు. వేరే దేశమని ముందుగా చెప్పుకుంటే అది రెండు దేశాల మధ్య యుద్ధం అవుతుంది. 1776 జనవరిలో వచ్చిన థామస్ పెయిన్ పుస్తకం ‘కామన్ సెన్స్’ చేసిన వాదనల్లో ఇదొకటి. జూన్ 7న రిచర్డ్ హెన్రీ లీ పెట్టిన తీర్మానంలో స్వాతంత్ర్యం పక్కనే విదేశీ పొత్తుల ప్రస్తావన ఉంది. అందుకే ఆ ప్రకటన రాజు మీద 27 ఆరోపణలతో లోకానికి పెట్టుకున్న ఫిర్యాదులా ఉంటుంది. కాగితం ఒక్కటే పని చేయలేదు. 1777లో సరటోగా దగ్గర గెలిచి చూపించాకే, 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్స్ ఒప్పందం మీద సంతకం పెట్టింది.

ఇక మూడో ప్రశ్న. జెఫర్సన్ చిత్తుప్రతిలో బానిస వ్యాపారం పాపాన్ని రాజు నెత్తిన వేస్తూ ఒక పేరా ఉంది. కాంగ్రెస్ దాన్ని కొట్టేసింది. దక్షిణ కరోలినా, జార్జియా కోసం తీసేయాల్సి వచ్చిందని జెఫర్సనే తర్వాత రాసుకున్నాడు. ఆ పేరా రాసిన మనిషి తన జీవితకాలంలో 600 మందికి పైగా నల్లజాతి మనుషులను బానిసలుగా ఉంచుకున్నవాడు.

కొట్టేయకుండా ఉంచిందేమిటో కూడా చూడండి. రాజు మా మధ్య తిరుగుబాట్లు రేపుతున్నాడన్నది చివరి ఆరోపణ. 1775 నవంబరులో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్, తిరుగుబాటుదారుల దగ్గరున్న బానిసలు తన సైన్యంలో చేరితే విముక్తి ఇస్తానన్నాడు. ఆ ఆరోపణ వెనకున్న భయం అదే. అదే వాక్యంలో ఆదివాసులను దయలేని అనాగరికులన్నారు. మనుషులంతా సమానమన్న కాగితంలోనే, బానిసకు విముక్తి ఆశ చూపడం రాజు చేసిన నేరమైంది.

అయితే ఒకసారి లోకం ముందు పెట్టిన మాట రాసినవాళ్ళ జేబులో ఉండిపోదు. ఆరు నెలలకే, 1777 జనవరిలో, ప్రిన్స్ హాల్, మరికొందరు నల్లజాతివాళ్ళు మసాచుసెట్స్ శాసనసభకు అర్జీ పెట్టుకున్నారు. మీరు రాజును అడిగిన హక్కే మేం మిమ్మల్ని అడుగుతున్నాం అన్నది దాని సారాంశం.

1791లో తిరగబడిన హైతీ బానిసల పోరాటం 1804 జనవరి 1న గొనాయివ్‌లో ప్రకటనగా మారింది. డెసాలిన్ పేరుతో వచ్చిన దాన్ని రాసింది ఆయన కార్యదర్శి బువరాన్ టోనేర్. అందులో మాట ముందుగా సొంత జనంతోనే: ఫ్రాన్స్ కింద బతకడం కంటే చావడానికి సిద్ధపడదామని ప్రమాణం చేయించారు.

లోకం ఏం చేసింది? అప్పుడు అమెరికా అధ్యక్షుడు జెఫర్సనే. 1806లో హైతీతో వ్యాపారాన్ని నిషేధించే చట్టం మీద సంతకం పెట్టాడు. అమెరికా హైతీని గుర్తించింది 1862లో. ఫ్రాన్స్ 1825లో యుద్ధనౌకలు పంపి, పాత యజమానుల నష్టపరిహారం కింద 15 కోట్ల ఫ్రాంకులు కడితేనే గుర్తిస్తానంది. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించారు. బానిసలుగా ఉన్నవాళ్ళు తమ విముక్తికి తామే వెల కట్టారు, అదీ అప్పులు చేసి!

మిత్రులారా, గుర్తింపు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను మనిషినని నేను అనుకుంటే చాలదు. ఎదుటివాడు ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే ఒప్పించాలి. దేశాలు ప్రకటనలు రాసేది అందుకే. అది ఒప్పుకోలు కోసం వేసే మొదటి అడుగు. ఆ ఒప్పుకోలు ఎవరికి తేలిగ్గా దొరికిందో, ఎవరు డబ్బు కట్టి కొనుక్కోవాల్సి వచ్చిందో చూస్తే లోకం తీరు తెలుస్తుంది. జోతిరావు ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ని, నీగ్రో బానిసల విముక్తికి త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఆ దేశంలో ఎవరి వైపు చూడాలో ఆయనకు బాగా తెలుసు.

వచ్చే భాగంలో 1930 జనవరి 26 నాటి పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞను ఈ మూడు ప్రశ్నలతోనే చదువుదాం. ఈలోగా మీరూ ఒకసారి చదివి రండి. ఎవరు కనిపించలేదో కామెంట్లలో రాయండి.